నాలుగు బోల్టుల మనిషి

మొన్న ద్వారకా నగర్‌లో రోడ్డు దాటుదామని నిలబడితే ఓ పెళ్ళి ఊరేగింపు దాటనివ్వలేదు. బ్యాండు వెనక, బంతిపూల దండల కింద, రాజుల కాలం నాటిదని నమ్మించడానికి నానా తంటాలు పడుతున్న కారొకటి నత్తలా వస్తోంది. గుండ్రటి మడ్‌గార్డులు, నిట్టనిలువు ముక్కు, తలుపుల కింద కాలు పెట్టుకునే పలక. టాపు లేదు. ఎవరో శుభ్రంగా తీసి పారేశారు. పెళ్ళికొడుకు నడుం పైనుంచి మొత్తం జనానికి కనబడుతూ, సూటులో చెమటలు కక్కుతున్నాడు.

ఎడమ మడ్‌గార్డు రేకు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆ నొక్కు నాకు తెలుసు. అది పడిన రోజు దాని గురించి మైకులో చెప్పింది నేనే.

ఆ కారుకి ఒకప్పుడు టాపు ఉండేది. టాపు కింద ఒక మనిషి ఉండేవాడు. అతను పోయిన కబురు నాకు చాలా ఆలస్యంగా చేరింది. నేనేమీ నొచ్చుకోలేదు. కబురు చెప్పి మేస్టార్ని ఇబ్బంది పెట్టకండని తనే ముందుగా ఎవరితోనో అని ఉంటాడు.

తొంభైల చివర్లో సంగతి. నేను ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. వారం పొడుగునా గ్రామరు చెప్పి, ఆదివారాలు గాజువాక అవతల ఒక ఖాళీ జాగాలో కార్ల పందేలకి మైకు పట్టుకునేవాణ్ణి. రెండు చోట్లా నా మాట ఎవరూ వినేవారు కారు గానీ, రెండోచోట కనీసం ఇంజన్ల మోత అనే కారణం ఉండేది.

విశాఖలో కార్ల పందేలేమిటని అడిగేవాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఈ ఊళ్ళో కారు పోయేది ఇంజను వల్ల కాదు, సముద్రపు గాలి వల్ల. ఇంజను గుర్రంలా ఉంటుంది, కింద ఛాసిస్ చెక్కుచెదరదు, పై రేకు మాత్రం అప్పడంలా విరిగి చేతికొస్తుంది. అలా ఒంటి మీద బట్ట పోయిన అంబాసిడర్లు ఆటోనగర్ షెడ్ల వెనక బోలెడు పడుండేవి. మెకానిక్కులు సంఘం పెట్టుకుని, వాటికి చేత్తో కొట్టిన రేకు బాడీలు తొడిగి, ఎర్రమట్టి తొక్కించిన గుండ్రటి ట్రాకు మీద పరిగెత్తించేవారు. బాడీ మాత్రం తాతలనాటి మోడల్లోనే ఉండాలన్నది సంఘం నియమం. నేవీలో రిటైరై వర్క్‌షాపు పెట్టుకున్న ప్రెసిడెంటు గారు దానికి కారణం చెప్పేవారు: "కొత్త కార్లు గుద్దుకుంటే చూసేవాడికి కడుపు మండుతుంది. ముసలి కార్లు గుద్దుకుంటే నవ్వుతాడు."

గుద్దుకున్నప్పుడు ఊడిపోకుండా తలుపులన్నీ వెల్డింగు చేసేసేవారు. డ్రైవర్లు కిటికీలోంచి దూరి ఎక్కాలి, కిటికీలోంచే దిగాలి. మా వాడొక్కడే పైనుంచి ఎక్కేవాడు. ఆ సంగతికి వస్తాను.

అతను పోర్టులో క్రేను ఆపరేటరు. భారీ మనిషి. ఇరుకు సందులో ఎవరైనా ఎదురైతే ముందుగా పక్కకి తప్పుకునేది అతనే. తప్పుకున్నాక కూడా అవతలివాడికి దారి ఉండేది కాదు. మాటలు మాత్రం మనిషికి తగ్గట్టు ఉండేవి కావు. ఉన్నవాటిలో సగం "పర్లేదండి". మిగతా సగం "ఎందుకులెండి". 'వద్దు' అనే మాట అతని నోట ఎవరూ విన్న దాఖలా లేదు. టీ తాగి వచ్చినవాడికి ఎవరైనా టీ ఇస్తే తాగేవాడు. అది చూసి ఇంకొకరు ఇస్తే అదీ తాగేవాడు. నలుగురు పెద్దమనుషులు మర్యాద చేసిన రోజు అతనికి నిద్ర పట్టేది కాదు.

ఒకసారి పోర్టులో తోటి ఆపరేటరెవరో మొక్కు తీర్చుకోవాలంటే తోడుగా సింహాచలం కొండెక్కాడు. తలనీలాలిచ్చే చోట స్నేహితుడు కూర్చున్నాడు. పక్క పీట ఖాళీగా ఉంది. కత్తి పట్టుకున్నాయన ఇతన్ని చూసి "రా బాబూ" అన్నాడు. ఇతను వెళ్ళి కూర్చున్నాడు.

ఆ ఆదివారం నున్నటి గుండుతో ట్రాకు దగ్గరికొచ్చాడు.

"మీకూ మొక్కుందా?" అన్నాను.

"నేదండి. ఆయన పిలిసేడు కదా."

క్రేను క్యాబిన్లోంచి సముద్రం బాగా కనిపిస్తుందా అని కూడా అడిగాను. చదువుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న.

"సముద్రం ఏటి కనపడతాదండి. ఓడ కడుపులో బొగ్గు కనపడతాది. షిఫ్టంతా కిందికే సూడాల."

షిఫ్టు అయిపోయినా, రిలీవరు నిచ్చెనెక్కి పైకొచ్చేదాకా సీటు వదలకూడదు. ఇతని రిలీవరు తీరిగ్గా వచ్చేవాడు. తీరిగ్గా ఎందుకు వచ్చేవాడంటే ఇతను ఏమీ అనడని తెలుసు కనుక. ఓసారి గట్టిగా అడగొచ్చు కదా అన్నాను.

"ఆయనకి పిల్లలున్నారండి" అన్నాడు.

ఇతనికీ ఉన్నారు. నేను గుర్తు చేయలేదు.

ఇంతకీ అతను దిగలేని అసలైన క్యాబిను వాళ్ళ బావ. అక్క మొగుడు. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే బావే ఊరినుంచి తీసుకొచ్చి గాజువాకలో తన ఇంట్లో పెట్టుకుని పెంచాడు. చదివించాడు, చదువు అబ్బకపోతే ఒక్క మాటా అనలేదు. ఎవరెవర్నో బతిమాలి పోర్టులో పని వేయించాడు. పెళ్ళి చేశాడు. తన ఇంటి మీదే మేడ కట్టి, పై వాటా ఇచ్చాడు; భోజనాలు మాత్రం అందరికీ కిందే, అక్క చేతి వంట. ఇన్ని మేళ్ళు చేసినవాడి దగ్గర్నుంచి మనిషి ఎలా తప్పించుకుంటాడు? పోర్టువాళ్ళు క్వార్టరు ఇస్తామన్నారు. ఇతని భార్య సంతోషంగా సామాను సర్దింది. బావకి చెప్పడానికని ఇతను కిందికి దిగితే, బావ అప్పుడే మేడ మీది వాటాకని కొత్త ఫ్యాను కొని పెట్టె విప్పుతున్నాడు. ఇతను ఫ్యాను బాగుందని చెప్పి, దాన్ని మోసుకుంటూ పైకెళ్ళి, సామాను విప్పించాడు.

బావ చెడ్డవాడైతే ఇదంతా రాసే పనుండేది కాదు. మంచివాడు. అదే చిక్కు.

బావకి ఆటోనగర్‌లో షెడ్డు. రేకు పనిలో మంచి చెయ్యి. లారీ క్యాబిన్లు కొట్టి కొట్టి విసుగెత్తి, ఒక పాత క్యాలెండరు మీద బొమ్మలో ఉన్న కారు చూసి ఈ బాడీ మొదలుపెట్టాడు. ఇసక బస్తా మీద రేకు పరిచి, చెక్క సుత్తితో నెమ్మదిగా కొట్టుకుంటూ, బుగ్గలాంటి ఆ మడ్‌గార్డులు తీశాడు. కొలతలన్నీ బొమ్మలోవి. నడపబోయేది బావమరిదేనని మొదటినుంచీ తెలుసు. అతను రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటాడు. అతని నడుం కొలత తీసుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. తోచినవాడు ఇతనొక్కడే అయ్యుంటాడు. ఇతను ఏమంటాడో మీకు తెలుసు.

బాడీ పూర్తయ్యాక కిటికీ ఉత్తరాల డబ్బా నోరంత ఉందని అందరికీ ఒకేసారి కనిపించింది. తల పట్టింది. ఒక చెయ్యి పట్టింది. మిగతా మనిషి బయటే ఉండిపోయాడు.

ఇంకొకడైతే కిటికీ కోసి పెద్దది చేస్తాడు. "కిటికీ కోస్తే బండి మొహం పాడైపోద్దిరా" అన్నాడు బావ. దానికి బదులు టాపుని వేరు చేసి, గిన్నె మీద మూతలా తయారుచేశాడు. అతుకు కనపడకుండా చుట్టూ పట్టీ వేశాడు. ఇతన్ని లోపల కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు మూత ఎత్తి పైన పెట్టి, నాలుగు మూలలా బోల్టులు బిగించాలి. బయటినుంచి.

"లోపలినుంచి విప్పుకునేలా పెట్టొచ్చు కదా?" అన్నాను.

"లోపల నట్లు కనపడితే అసయ్యంగా ఉంటాది మేస్టారూ" అన్నాడు బావ. మూత మీద అరచేత్తో తట్టి అడిగాడు: "ఏరా, ఇబ్బందిగా ఉందేటి?"

లోపలినుంచి జవాబొచ్చింది. "పర్లేదు బావా. గాలాడతంది."

అవి ఓడ స్క్రాపులోంచి తెచ్చిన బోల్టులు. ఆ సైజు పానా ఊళ్ళో ఒకటే ఉంది. బావ జేబులో.

ఇక ట్రాకు మీద. జెండా ఊపగానే ఆ మూత కింద ఉన్నది మా వాడేనా అని అనుమానం వచ్చేది. ఎవరికీ దారి ఇచ్చేవాడు కాదు. పక్కనుంచి ముక్కు పెట్టినవాణ్ణి టైర్ల గుట్టలోకి ఒత్తేసేవాడు. నేను చెప్పిన మడ్‌గార్డు నొక్కు, ప్రెసిడెంటు గారి సొంత కారుని మలుపులో ట్రాకు బయటికి నెట్టినప్పటిది. రేసయ్యాక బోల్టులు విప్పడం, అతను బయటికి రావడం, రాగానే గుద్దిన ప్రతివాడి దగ్గరికీ వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడడం ప్రతి ఆదివారం ఉండేదే. ఆరోజు ప్రెసిడెంటు గారి దగ్గర నిలబడి "సూసుకోనేదండి" అన్నాడు. నేను మైకు కోసం నిలబెట్టిన లారీ మీదనుంచి చూశాను. అతనూ చూశాడు. చూసే నెట్టాడు.

అలాంటి ఒక ఆదివారం, మిట్టమధ్యాహ్నం, రేసు అయిపోయి కార్లన్నీ ఆగాక, పదకొండో నంబరు కారులోంచి పొగ లేచింది. మైకులో అతని పేరు పదకొండో నంబరే. డ్యాష్‌బోర్డు వెనక వైర్లు కాలుతున్నాయి. జనం మట్టి పోస్తున్నారు, నీళ్ళు పోస్తున్నారు, మూత పట్టుకుని లాగుతున్నారు. బావ లేడు. రోడ్డవతల టీ కొట్టుకి వెళ్ళాడు. పానా కూడా వెళ్ళింది.

నేను లారీ దిగి, మైకు వైరు ఈడ్చుకుంటూ కారు దగ్గరికి పరిగెత్తాను. అతను ముక్కూ నోరూ మాత్రం కిటికీ బయట పెట్టి, ఊపిరి పీలుస్తున్నాడు. ఉత్తరాల డబ్బాలో ఎవరో మనిషిని వేసినట్టుంది.

"మీ బావని మైకులో పిలుస్తాను."

"ఎందుకులెండి." దగ్గాడు. "కంగారుపడిపోతాడు. టీ తాగనీండి."

నేను పిలిచాను. బావ చేతిలో గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. కంగారులో పానా బోల్టు మీద నిలవడం లేదు, జారిపోతోంది. ఈలోగా ఎవరో బ్యాటరీ వైరు పీకేశారు, పొగ తగ్గింది. మూత లేచాక మసిమొహంతో, కుంకుడు రసం పడ్డట్టున్న కళ్ళతో మా వాడు పైకి లేచాడు. బావ అతని భుజాలు రెండూ పట్టుకుని "ఏరా, ఏరా" అంటున్నాడు.

"పర్లేదు బావా" అన్నాడు ఇతను. "టీ తాగీసేవా?"

ప్రెసిడెంటు గారు అక్కడికక్కడే చెప్పేశారు. ఇకమీదట ప్రతి డ్రైవరూ తన కిటికీలోంచి తానే, ఎవరి సాయం లేకుండా, బయటికి రావాలి. వానలు తగ్గాక మొదటి ఆదివారం పరీక్ష. రాలేనివాడికి రేసు లేదు.

దారి ఏమిటో అందరికీ తెలుసు. కిటికీని జానెడు కోస్తే చాలు. కావలసిందల్లా ఇతను "బావా, కిటికీ కొయ్యి" అనడం.

నేను చెప్పనా అంటే, "ఎందుకులెండి, నానే సెప్తాను" అన్నాడు. కలిసినప్పుడల్లా అడిగేవాణ్ణి.

"చెప్పారా?"

"నిన్న సెప్దామనే ఎల్లేనండి. బావ దానికి పాలిష్ పెడతన్నాడు."

ఇంకోసారి: "సెప్పబోయేనండి. ఎవరో బండి సూడ్డానికొచ్చి, కిటికీలు భలే కుదిరేయన్నారు. బావ మొగం సూసి ఊరుకున్నాను."

ఉండబట్టలేక ఓ సాయంత్రం షెడ్డుకి వెళ్ళి బావనే కదిపాను. సుత్తి కింద పెట్టి నా వంక చూశాడు. "ఆడు నాతో ఏటీ అన్నేదు మేస్టారూ. ఇబ్బందైతే అనడేటి? నానేటి పరాయోడినా?"

అంటే, ఇతను అడిగితే బావ కోస్తాడు; బావ కోస్తానంటే ఇతను తలూపుతాడు. ఇద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చుని, ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా, వానాకాలం మొత్తం పప్పన్నం తిన్నారు.

చివరికి ఎవర్నీ ఏమీ అడగక్కర్లేని దారి ఇతనికొకటి తోచింది. చిక్కిపోవడం. అన్నం మానేస్తానన్నాడు. అయితే ఇంట్లో అక్క వడ్డిస్తే కాదనలేడు. కాబట్టి మానేసిన తిండంతా ఇంటి బయటిది. ఇంటి బయట అతను తినేది టీలో ముంచుకునే బిస్కట్టు. అది మానేశాడు. పనున్నా లేకపోయినా క్రేను నిచ్చెన ఎక్కి దిగేవాడు. నడుం తగ్గిందేమోనని అస్తమానం బెల్టు పట్టుకు చూసుకునేవాడు. నిజంగానే కొంచెం తగ్గింది. అక్క అది చూసి బెంగపెట్టుకుని, పెరుగులో మీగడ ఎక్కువ వేయడం మొదలుపెట్టింది.

పరీక్ష రోజు ఎప్పుడూ లేనంత జనం వచ్చారు. మిగతా డ్రైవర్లు కిటికీల్లోంచి ఉడతల్లా దూకేశారు. ప్రెసిడెంటు గారు చేతులు వెనక్కి కట్టుకుని పదకొండో నంబరు దగ్గరికొచ్చి నిలబడ్డారు. మూత బిగించి ఉంది. ముందు చేతులు వచ్చాయి. తల వచ్చింది. భుజాలు ఒకదాని తర్వాత ఒకటి, ఎలా నేర్చుకున్నాడో గానీ, వచ్చాయి. ఛాతీ వచ్చింది. జనం ఈలలు వేశారు. నేను కూడా మైకులో కొంచెం తొందరపడ్డాను.

పొట్ట దగ్గర ఆగిపోయాడు.

ముందుకి రాలేడు, వెనక్కి పోలేడు. సగం మనిషి కారులో, సగం బయట, రెండు చేతులూ నేల వైపు వేలాడేసి, మట్టి వంక చూస్తున్నాడు. ఈలలు ఆగాయి. నేను మైకు ఆపేశాను.

బావ వచ్చాడు. చేతిలో రేకు కోసే పెద్ద కత్తెర. అంటే ఇంటినుంచే తెచ్చుకున్నాడన్నమాట. బావమరిది మొహం ఎత్తుకి వంగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఊపిరాడతందేటిరా?"

"ఆడతంది బావా."

"కోసీమంటావేటి?"

ఇతను మట్టి వంకే చూస్తున్నాడు.

"నువ్వు ఒక్క మాట అను. ఇప్పుడే కోసేత్తాను. నాకేటీ నేదు."

బావ కత్తెర మొన కిటికీ మూలకి ఆనించాడు. ఆ మూల దగ్గర రేకు సన్నగా వంపు తిరిగి ఉంటుంది. అతను వేలాడుతూనే మెడ తిప్పి ఆ వంపునీ, దాని మీద ఉన్న చేతినీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"వద్దు బావా" అన్నాడు.

గొణగలేదు. వెనక వరసలో ఉన్నవాళ్ళకి కూడా వినిపించింది. బావ కత్తెర తీసేసి, అలాగే నేల మీద కూలబడ్డాడు. మొహంలో ఎంత తేలిక కనబడిందంటే, నేను పక్కకి తిరిగిపోయాను.

సబ్బునీళ్ళు పోసి, నలుగురు పట్టి, అతన్ని మళ్ళీ లోపలికే నెట్టారు. తర్వాత బోల్టులు విప్పి, మూత తీసి, పైనుంచి దింపారు. అతను చొక్కా సర్దుకుని ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళి, ఎండలో నిలబెట్టినందుకు ఏమనుకోవద్దని చెప్పాడు. పదకొండో నంబరు ఆ తర్వాత పరిగెత్తలేదు.

బావ బండికి కాపలాగా ఉండిపోయాడు. నేనూ అతనూ షేర్ ఆటో ఎక్కి గాజువాక వైపు బయల్దేరాం. నిండా మనుషులు. ఇద్దరం వెనక సీట్లో ఇరుక్కున్నాం. అతని ఒంటికి ఇంకా సబ్బు వాసన వస్తోంది. కొంతదూరం పోయాక నేనే అడిగాను.

"కోసేస్తానన్నాడు కదండీ."

"అన్నాడండి. సెయ్యి వణుకుతంది." మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రోడ్డు వంక చూశాడు. "నన్ను సంకలో ఏసుకుని పెంచేడు మేస్టారూ."

"మరి రేసు?"

గాజువాక సెంటరు వచ్చింది, కొందరు దిగారు, అంతేమంది ఎక్కారు. ఆటో కదిలాక అన్నాడు.

"మూత పెట్టీసేక అందులో నన్నెవులూ ఏటీ అడిగీవోరు కాదండి. అదొక్కటే బాగుండీది."

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆటో మంచి ఊపు మీద ఉంది. కొట్లు పోయాయి, పెట్రోలు బంకు పోయింది, ఓ వీధి మలుపు పోయింది. ఆ మలుపు దగ్గర అతను కొద్దిగా కదిలి, మళ్ళీ సర్దుకున్నట్టనిపించింది.

"అది మీ వీధి కాదూ?" అన్నాను.

"అవునండి."

డ్రైవర్ని పిలవబోయాను. మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఉండండి మేస్టారూ. స్పీడులో ఉన్నాడు పాపం. ముందు ఎవులో ఒకలు దిగుతారు కదా, నానూ దిగిపోతాను."

ఆ సాయంత్రం చాలాదూరం దాకా ఎవరూ దిగలేదు. ఎయిర్‌పోర్టు దాటాక ఒక ముసలావిడ గంపతో దిగింది. ఆవిడ గంప అందించి, ఆవిడ వెనకే అతనూ దిగాడు. నాకు చెయ్యి ఊపి రోడ్డు దాటి, వెనక్కి వెళ్ళే ఆటో కోసం అవతల నిలబడ్డాడు. ఒకటి వచ్చింది. అందులో ఒక మనిషికి చోటుంది. అది ఆగుతుందేమోనని అతను కాస్త ముందుకి వచ్చాడు గానీ, చెయ్యెత్తలేదు.